గండికోట గట్టున రెండు రాత్రులు

కోడంబాక్కంలో మా వీధివారు సెలవులకు బయలుదేరితే తిరుపతికో, ఊటీకో పోతారు. మేము డేరా మూటగట్టి గండికోటకు పోతున్నామనగానే ఎదురింటివారు, "అక్కడేముందండీ?" అన్నారు. అబ్బాయి ఫోనులో బొమ్మ చూపిస్తే, అది అమెరికాలోని గ్రాండ్ కేన్యన్ అనుకున్నారు. ఆ లోయ మైలు లోతు. మన పెన్న ఎఱ్ఱమల కొండలను కోసిన గండి సుమారు 300 అడుగులే. అయినా మన పాత కారు అరిజోనా దాకా పోదు గదా!

మాకు ఇంకొక పని కూడా ఉంది. మా అమ్మ పుట్టినది కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు. గండికోట జలాశయంలో నీరు నిలపడంతో 2020లో ఆ ఊరు మునిగింది. "ఒక్కసారి చూపించండి నాయనా" అని అమ్మ అప్పటినుంచీ అడుగుతూనే ఉంది. "చూద్దాంలే" అని మేము అంటూనే ఉన్నాము. గుమాస్తా ఉద్యోగానికి సెలవులు, పిల్లలకు పరీక్షలు, సాకులకేమి కొదువ!

తెల్లవారుజామున బయలుదేరి తిరుత్తణి, పుత్తూరు, రేణిగుంట దాటాము. కోడూరు తోటల పచ్చదనం రాజంపేటతో పలచబడింది. ఒంటిమిట్ట కోదండరాముని దర్శించుకున్నాము. అమ్మాయికి తెలుగు మాట వచ్చును గాని చదువు రాదు. బడిలో అరవము, ఇంగ్లీషు. దారిపొడుగునా జేజి దానిచేత ఊరిపేర్ల పలకలు కూడబలికించింది. జమ్మలమడుగు వచ్చేసరికి ఆ 'మ్మ' దగ్గర తడబడి, చివరకు సాధించింది. ఎఱ్ఱగుంట్ల ప్రాంతంలో రోడ్డువార పేర్చిన నల్లబండలు చూచి, "మన వంటింటి అరుగు రాయి ఈడిదే" అన్నది అమ్మ గర్వంగా.

మదరాసు నుంచి 350 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. జమ్మలమడుగు నుంచి కోట పదిహేను కిలోమీటర్లు. కోటలోపలే ఊరున్నది. మాధవరాయస్వామి గుడి, రంగనాథుని గుడి, జామియా మసీదు, దాని పక్కనే ఇప్పటికీ చెక్కుచెదరని ధాన్యాగారం. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650 ప్రాంతాన మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు అతన్ని చూడడానికి ఇక్కడికే వచ్చాడు. ఆ రోజుల్లో ఆయన ఎడ్లబండ్ల ప్రయాణం తలచుకుంటే మా నడుంనొప్పి చెప్పుకోవడానికే సిగ్గువేసింది.

గండి అంచుకు చేరేసరికి పొద్దు వాలుతున్నది. ఇటుకలు పేర్చినట్లున్న ఎఱ్ఱబండలు, అడుగున పచ్చని నీరు. అంచున కమ్మీ లేదు. మా ఆవిడ పిల్లల చేతులు వదలలేదు.

డేరా సంగతి చెప్పాలి. నేలంతా బండ. మేకులు ఒక్క అంగుళమైనా దిగక వంగిపోయాయి. గాలి లేచింది. డేరా ఉబ్బి గండివైపు లాగుతుంటే నలుగురం నాలుగు మూలలా పట్టుకు నిలబడ్డాము. గొఱ్ఱెలు తోలుకుపోతున్న పెద్దాయన నవ్వి, "మేకులెందుకప్పా, రాళ్ళు లేవా?" అని తాళ్ళను బండలకు చుట్టి చూపించాడు. పొయ్యి ఆ గాలికి వెలగలేదు. ఊళ్ళో ఒక ఇంటావిడ జొన్నరొట్టెలు, ఊరిబిండి చేసి ఇచ్చింది. అమ్మ రెండు రొట్టెలు తిన్నది. మదరాసులో ఒకటి తింటే గొప్ప. రాత్రి చుక్కలు అన్ని ఉంటాయని పిల్లలకు అప్పుడే తెలిసింది.

మరునాడు పొద్దున్నే జలాశయం వైపు వెళ్ళాము. అది గండికి ఎగువన ఉన్నది. నిండితే 26.85 టీఎంసీల నీరు. గట్టుమీద అమ్మ చేయి నొసటికి అడ్డంపెట్టుకుని చాలాసేపు చూచింది. ఇల్లెక్కడ, బావెక్కడ అని పిల్లలు అడిగారు. ఆమె ఒకవైపు చూపించి, కాదేమోనని ఇంకొకవైపు చూపించి, ఊరుకున్నది. గుర్తుపట్టడానికి అక్కడ నీరు తప్ప మరేమీ లేదు.

"ఇది మనింటికొచ్చే నీళ్ళేనా?" అన్నది కాసేపటికి.

2019లో మన చెరువులెండి, కోడంబాక్కంలో బిందెలతో లారీ వెంట పరుగెత్తినది ఆమెకు గుర్తున్నది. మాకు తెలిసినంత చెప్పాము. ఇది రాయలసీమ పొలాలకని, మన పూండికి వచ్చే తెలుగుగంగ కాలువ వేరని, అయితే రెండిటికీ శ్రీశైలం నీరు పోతిరెడ్డిపాడు దగ్గరే మళ్ళుతుందని. "అయితే చుట్టాలే" అన్నది. మా ఆవిడ ముఖం తిప్పుకున్నది. మేము ఇంకేమీ మాట్లాడలేదు.

రెండవ రాత్రి మళ్ళీ గండి అంచునే. ఈసారి డేరా పావుగంటలో నిలబెట్టాము. వెళ్ళదలచినవారు తాగేనీళ్ళు, టార్చిలైటు, గట్టి తాళ్ళు తప్పక తీసుకుపోవాలి. డేరాలు అద్దెకిచ్చేవారూ ఉన్నారు. పర్యాటకశాఖ హోటలూ ఉన్నది. నడివేసవిలో మాత్రం బండ పెనంలా కాలుతుందట.

తిరుగుదారిలో రేణిగుంట దగ్గర కాఫీ తాగుతుండగా అమ్మ అన్నది: "ఎండాకాలం నీళ్ళు తగ్గితే గోడలేమన్నా కనపడతాయేమో. అప్పుడు కూడా పోదామా?"

పెనం సంగతి ఎవరమూ ఎత్తలేదు. మే నెలకు సెలవు అర్జీ ఇచ్చివేశాము.