బందరు రేవు

భద్రాచలము చెంత గోదావరిని చూచుచు పెరిగిన మన పిల్లలకు సముద్రమనగా ఆ నది పోయి కలియు చోటని మాత్రమే తెలియును. ఖమ్మము ప్రక్కగా పారు మున్నేరు వేరొక త్రోవను బోయి కృష్ణలో కలియును. ఆ కృష్ణ నీరు విజయవాడయొద్ద బందరు కాలువలో ప్రవేశించి మచిలీపట్టణము దాక సాగును. కావున మన వానలలో కొంతభాగము బందరును చూచియే సముద్రములో పడుచున్నదని చెప్పవచ్చును. ఉపాధ్యాయ శిక్షణకై కృష్ణా జిల్లాలో నున్నపుడు నేనును ఆ పట్టణమును పలుమారు చూచితిని.

తరగతిలో గ్రీకుల రేవుపట్టణములను గూర్చి బోధించునపుడు నాకు బందరే జ్ఞప్తికి వచ్చును. థెస్సలొనీక పేరు బైబిలు చదువువారికి క్రొత్త గాదు. పౌలు అచ్చటి సంఘమునకు వ్రాసిన పత్రికలు రెండు కలవు. ఆ నగరము 1917లో గొప్ప యగ్నిప్రమాదమునకు లోనై, మరల కట్టబడి, నేడు గ్రీసు దేశమున రెండవ పెద్ద నగరమై యున్నది. మన తీరమును గ్రీకులు ఎరుగకపోలేదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమునాటి పెరిప్లస్ అను గ్రీకు యాత్రాగ్రంథమున మసాలియా యను సీమ సన్నని నూలుబట్టలకు ప్రసిద్ధమని వ్రాయబడినది. తరువాతి శతాబ్దమున టాలెమీ దానినే మైసోలియా యనెను. అది కృష్ణా ముఖద్వారపు సీమయని పండితుల యభిప్రాయము. మన రాజుల పేర్లకంటె మన బట్టయే ముందుగా దూరదేశములకు పోయినదని నాకు తోచును.

గోలకొండ సుల్తానుల కాలమున బందరు వారి ముఖ్యమైన రేవు. 1611లో ఆంగ్లేయులు గ్లోబ్ అను నోడపై అచ్చటికి వచ్చిరి. డచ్చివారు అంతకు ముందే వచ్చియుండిరి. ఫ్రెంచివారు 1669లో చేరిరి. వీరందరును కోరివచ్చినది అద్దకపు బట్టలనే. ఆ పని నేటికిని బందరు చేరువనున్న పెడనలో సాగుచున్నది. మొదట బట్టను కరక్కాయ రసమునందును గేదె పాలయందును నానవేసి యెండబెట్టుదురు. ఇనుపముక్కలను బెల్లపు నీటిలో కొన్నిదినములు మురుగనిచ్చి నలుపు తీయుదురు. చెక్కిన కొయ్య అచ్చులతో పటిక నీటిని అద్ది, పిమ్మట ఎర్రరంగు వేరులతో కాచినపుడు పటిక తగిలినచోటనే ఎరుపు గట్టిగా పట్టును. తదుపరి పారు నీట ఉతుకవలెను. ఆ కరక్కాయ మన అడవులలో గిరిజనులు ఏరి తెచ్చు కాయయే! దానిని దగ్గుమందని మాత్రమే ఎరిగిన పిల్లలు ఈ మాట విని మిక్కిలి యాశ్చర్యపడుదురు.

అయితే బందరుకు లోతైన సముద్రము లేదు. థెస్సలొనీకకు అలలనుండి కాచు అఖాతము కలదు; ఇచ్చట ఓడలు మైళ్ల దూరమున లంగరువేయగా, చిన్న పడవలలో సరకు దింపవలసి యుండెను. 1759లో ఫోర్డు అను సేనాని ఫ్రెంచివారినుండి కోటను గైకొనెను. రేవులేని నిజామునకు 1802 నాటి ఒడంబడికవలన బందరును వాడుకొను హక్కు లభించెను. అప్పుడు మన ఖమ్మము సీమయు నిజాము రాజ్యములోనిదే. అటుపిమ్మట 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను వచ్చెను. సముద్రము పట్టణముపై పొర్లిపడి యించుమించు ముప్పదివేలమందిని గొనిపోయెను. తరువాత వర్తకము కాకినాడకును, 1933లో రేవు తెరువబడిన విశాఖపట్టణమునకును తరలిపోయెను.

ఓడలు పోయినను ఊరు పోలేదు. నోబిలు దొర 1843లో స్థాపించిన పాఠశాల కళాశాలయైనది. 1902లో కృష్ణాపత్రిక, 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారి ఆంధ్రా బ్యాంకు అచ్చటనే పుట్టినవి. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. నేడు రోల్డుగోల్డు నగల పని వేలమందికి కూడు పెట్టుచున్నది. బందరు లడ్డును గూర్చి వ్రాసినచో ఈ వ్యాసము ముగియదు.

ఇపుడు క్రొత్త రేవు మాట వినవచ్చుచున్నది. 2008లోను 2019లోను శంకుస్థాపనలు జరిగినవి. తుదకు 2023 మే నెలలో తపసిపూడియొద్ద పనులు ప్రారంభమైనవి. అలలనాపు రాతికట్టలు కట్టుట, అడుగున మేట త్రవ్వి లోతు చేయుట అందు ముఖ్యమైన పనులు. ప్రకృతి యియ్యని లోతును యంత్రము చేత తీయవలెను.

ఈ వార్త మన ఊళ్లకును చేరినది. ఈ యేడు పదవ తరగతి బాలుడొకడు చదువు మాని, మేస్త్రీ వెంట ఆ పనికి పోవుదునని పట్టుపట్టెను. తండ్రి నాయొద్దకు వచ్చి, "సారూ, దినకూలి బాగున్నదట, పంపమందురా?" యని యడిగెను. అతడు అప్పులో నున్నాడు. అతనిని మందలించుటకు నాకు నోరాడలేదు. రాళ్లు మోయు పని కట్ట ముగియగానే ముగియుననియు, రేవు తెరచిన పిమ్మట యంత్రములు నడుపువారును, లెక్కలు వ్రాయువారును, సరకు తనిఖీ చేయువారును కావలసి వత్తురనియు, ఆ పనులకు కనీసము పదవ తరగతి యుత్తీర్ణత యడుగుదురనియు చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక కూర్చుండి, "పరీక్షలు ఎన్నడు?" అనెను. మార్చిలో నని చెప్పితిని. మేస్త్రీకి అప్పటివరకు ఆగుమని చెప్పెదనని లేచి పోయెను. బాలుడు మరునాడు బడికి వచ్చినాడు.