నాలుగెకరాల లీజు, ఇద్దరాడపిల్లలు

తిరుమణి సోలార్ పార్కుకు భూమి ఇచ్చిన ఇళ్ళలో మాదొకటి. కర్ణాటకలోని పావగడ తాలూకాలో అయిదు ఊళ్ళ పొలాలు, సుమారు 13,000 ఎకరాలు కలిసి 2,050 మెగావాట్ల పార్కు అయింది. అమ్మకం కాదు, లీజు. ఎకరానికి మొదట ఏడాదికి 21,000, రెండేళ్ళకోసారి అయిదు శాతం పెంపు, 28 ఏళ్ళ గడువు. మేమిచ్చింది నాలుగెకరాలు. మొదటిసారి 84,000 బ్యాంకులో పడినప్పుడు మా ఆయన పాసుబుక్కు తెచ్చి అత్త చేతిలో పెట్టాడు. "చెనిక్కాయ వేసి ఎన్నడన్నా ఇంత కళ్ళజూసినామా?" అందామె. నిజమే. వానను నమ్ముకున్న నేల మాది, విత్తనం ఖర్చు కూడా రాని ఏళ్ళున్నాయి.

అయినా నేను కాగితం పెన్ను తీసుకుని కూర్చున్నాను. రెండేళ్ళకు అయిదు శాతమంటే ఏడాదికి రెండున్నరే. ఇలా పెరిగి పెరిగి ఆఖరి రెండేళ్ళలో ఎకరానికి వచ్చేది దాదాపు 39,600. ధరలు ఏటా అయిదు శాతం చొప్పున పెరిగాయనుకోండి, లీజు మొదలైననాడు 21,000కు వచ్చిన సరుకు అప్పటికి 78,000 దాటుతుంది. అంటే లీజు అంకె పెరుగుతున్నా, దాంతో వచ్చే బియ్యం, నూనె సగమవుతాయి. ఇంకో సంగతి, లీజు తీరి పొలం తిరిగొచ్చేసరికి దాన్ని ఏలాల్సింది మేము కాదు, పిల్లలు. వాళ్ళ పొలం మీద బాడుగ మొత్తం మేమే తినేస్తే ఎలా?

అందుకని ఒక్కో పిల్ల పేరున ఒక్కో ఎకరం అనుకున్నాం. రికార్డులో కాదు, మా లెక్కలో. ఆ ఎకరం బాడుగ వచ్చింది వచ్చినట్టు పోస్టాఫీసులో ఆ పిల్ల సుకన్య సమృద్ధి ఖాతాకు పోతుంది. లీజు పెరిగితే జమా పెరుగుతుంది. పిల్లకు పదేళ్ళు నిండకముందే ఖాతా తెరవాలి, 15 ఏళ్ళు కట్టాలి, తెరిచిన 21 ఏళ్ళకు చేతికొస్తుంది. చదువుకైతే 18 నిండినా, పదో తరగతి దాటినా సగం దాకా తీసుకోవచ్చు. వడ్డీ 2024 జనవరి నుంచి 8.2 శాతం. ఇది రాసిపెట్టిన రేటేమీ కాదు, ఒకప్పుడు 9.2 ఉండేది, 7.6కు దిగి మళ్ళీ ఎక్కింది. 8.2 నిలిచిందనుకుంటే ఏడాదికి 21,000 చొప్పున కట్టింది ఆఖరుకు పది లక్షలవుతుంది. అయిదో తేదీలోపు కడితేనే ఆ నెల వడ్డీ కలుస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఆరో తేదీన వరుసలో నిలబడేవాళ్ళను ఎంతమందినో చూశాను.

"బంగారం కొనిపెట్టరాదా, ఆడపిల్లలు కదా" అని మా చుట్టాలు. బంగారం ధర ఎగబాకిన తీరు చూస్తే వాళ్ళ మాట కొట్టిపారేయలేను. కానీ ఇంట్లో బంగారముంటే అవసరం ముందు కుదువకే పోతుంది. పోస్టాఫీసు డబ్బుకు ఆ తోవ అంత సులువుగా దొరకదు.

ఏడాది లెక్క చూసుకునేది చెనిక్కాయ అమ్మాకే. పార్కుకు ఇవ్వకుండా మిగిలిన రెండెకరాల్లో ఇంకా వేస్తున్నాం. చెట్లు పీకడమూ దసరా సెలవులూ కలిసి వస్తాయి. పిల్లలిద్దరూ గెనిమ మీద కూర్చుని పచ్చికాయలు ఒలుచుకు తింటూ, మధ్యలో సీతాఫలాల కోసం గుట్ట వైపు పరిగెడతారు. ఆ తర్వాత చర్చిలో కోత పండుగ. కొత్త చెనిక్కాయ, జొన్నలు, గుమ్మడికాయలు, ఒక నాటుకోడి, అన్నీ బలిపీఠం ముందు పేర్చి, ఆరాధనయ్యాక వేలం. బజారులో యాభైకి దొరికే గుమ్మడికాయ అక్కడ అయిదొందలకు పోతుంది, అది కానుకేనని అందరికీ తెలుసు. పోయినేడు మా చిన్నది తను కోసిన సీతాఫలాల బుట్ట వేరేవాళ్ళకు పోతోందని ఏడుపు అందుకుంది. మా ఆయన పాట పెంచుకుంటూ పోయాడు. ఇప్పుడు వేలానికి తీసుకెళ్ళే డబ్బును ఇంటి దగ్గరే కవర్లో పెడుతున్నాను. కవరు ఖాళీ అయితే పాట ఆగినట్టే.

క్రిస్మస్ బట్టలు కూడా ఈ దినాల్లోనే. డిసెంబరులో టైలరు గుడ్డ చేతికి తీసుకోడు. నా ఖాతాలో పడే గృహలక్ష్మి పథకం రెండు వేలల్లోంచి దీనికని నెలనెలా కొంత పక్కన పెడతాను. మంచి గుడ్డ హిందూపురంలో దొరుకుతుంది. కర్ణాటక లోపల శక్తి పథకం బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఆంధ్ర బస్సెక్కితే ఆధార్ చూసి కండక్టరు టికెట్టు కొడతాడు. చుట్టూ ఆంధ్ర పెట్టుకుని మధ్యలో కాపురం ఉంటే ఇంతే మరి.

ఒకటి చెప్పాలి. ఈ లెక్కలన్నీ భూమి ఉన్నవాళ్ళవి. ఆ నాలుగెకరాల్లో కలుపు తీయడానికి, కాయ పీకడానికి వచ్చే ఆడవాళ్ళకు లీజులో పైసా లేదు. వాళ్ళ పని మాత్రం పోయింది. మా పిల్లల ఖాతాల్లో ఏటా పడే డబ్బులో వాళ్ళ కూలి కూడా ఉందని నాకు అనిపిస్తుంది.

చర్చికిచ్చే దశమభాగం మీద ఇంట్లో తగువు ఇంకా తెగలేదు. చేతికొచ్చిన మొత్తం మీద తీయాలంటుంది అత్త. పిల్లల రెండెకరాల డబ్బు మనది కాదు, వాళ్ళు తీసుకున్ననాడు వాళ్ళే ఇస్తారు అంటాను నేను. "దేవునికి అప్పు పెడతావా?" అని ఆమె.

ఈ ఏడు మిగిలిన పని వీలునామా. క్రైస్తవులకు వర్తించేది 1925 భారత వారసత్వ చట్టం. మగాడు వీలునామా లేకుండా పోతే భార్యకు మూడోవంతు, మిగతాది పిల్లలకు సమానంగా, కొడుకని కూతురని తేడా లేదు. "చట్టమే సమానమంటుంటే మళ్ళీ రాతెందుకు?" అన్నాడు మా ఆయన. పిల్లలుంటే పోయినవాడి తల్లికి ఆ చట్టంలో వాటా లేదు, రాత అందుకు. రెండెకరాల మెట్ట మీద అత్త బతికున్నంత కాలం ఆమెకే ఫలసాయం అని రాయిస్తున్నాం. పహణీ నకలు, లీజు కాగితం తీసిపెట్టాను. సాక్షులు ఇద్దరు కావాలి. లబ్ధి పొందేవాళ్ళు సాక్షి సంతకం పెడితే వాళ్ళకు రాసింది చెల్లదు, అందుకని బయటివాళ్ళను అడిగాం. అత్తకు అంతా చదివి వినిపిస్తే చివరిదాకా విని, "సరే, ఆ పిల్లల ఎకరాల దశమభాగం ఎవరిస్తారో అదీ రాయించు" అంది.