ఎర్ర కాగితం చుట్టిన బ్యాటరీ

మా ఇంట్లో టార్చిలైటుని ఇప్పటికీ 'బ్యాటరీ' అనే అంటాం. తాత కాలంలో అది వేట సామాను. జింక కళ్ల మీద వెలుగు పడితే అది కదలకుండా నిలబడిపోతుందని తాత కథలు చెప్పేవాడు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 2012లో మా పక్క అడవి కవ్వాల్ టైగర్ రిజర్వ్ అయింది. వేట కథ అక్కడితో ముగిసింది, బ్యాటరీ మాత్రం మంచె మీదికి చేరింది.

మాది జన్నారం దగ్గర పల్లె. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా, 2016 నుంచి మంచిర్యాల. మక్క కంకులు పాలు పట్టాయంటే అడవి పందులు దిగుతాయి. ఒక్క రాత్రిలో సాళ్లకు సాళ్లు పడుకోబెడతాయి.

నేను కరీంనగర్‌లో చదువుతున్నా. రెండేళ్ల కింద సెలవులకు ఇంటికెళ్తే దొడ్డిలో కొత్త ఇనుప తీగ చుట్ట కనిపించింది.

"ఏంటిది బాపూ?"

"కరెంటు పెడ్త. బ్యాటరీకి భయపడ్తలేవు బిడ్డా. అందరు పెడ్తున్నరు."

నాకు గుండె ఆగినంత పనైంది. అంతకు ముందు ఏడాదే పక్క ఊళ్లో ఒకాయన తను పెట్టుకున్న తీగకే తగిలి పోయాడు. పంది పడినా కేసే, మనిషి పడితే ఇల్లే కూలిపోతుంది. "పది రోజులు నాకియ్యి, మంచె మీద నేనుంటా" అన్నా. బాపు నవ్వాడు గానీ కాదనలేదు.

మొదటి రాత్రి తెల్ల లైటుతో పోయా. లైటు వేసినప్పుడల్లా పందులు చెల్లాచెదురు. ఆర్పితే నాకే కళ్లు చీకట్లు. మన కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది, తెల్ల వెలుగు ఒక్క క్షణంలో దాన్ని చెడగొడుతుంది. నేను తడుముకునేలోపు అవి ఇంకో మూల నుంచి మళ్లీ వచ్చేవి.

అప్పుడు ఫోన్లో చదవడం మొదలుపెట్టా. మన కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు. పందికి, జింకకు రెండే. నీలం, ఆకుపచ్చ వాటికి బాగానే తెలుస్తాయి, ఎరుపు మాత్రం చాలా మసక. ఎర్ర వెలుగుతో మన రాత్రి చూపు కూడా అంతగా పాడవదు.

గిఫ్టు ప్యాకింగుకి వాడే పారదర్శక కాగితాలు మూడు రంగుల్లో కొన్నా. నీలం దండగ. ఆకుపచ్చతో నాకు చాలా దూరం కనపడింది, పందులకూ కనపడింది, తలెత్తి చూశాయి. రెండు పొరలు ఎర్ర కాగితం చుడితే వెలుగు సగానికి సగం తగ్గినట్టనిపించింది గానీ, అవి తలెత్తలేదు. తెల్ల ఎల్‌ఈడీలో ఎరుపు పాలు తక్కువ, కాగితం మిగతాదంతా మింగేస్తుంది. దూరం కావాలంటే ఎర్ర ఎల్‌ఈడీ లైటే మేలు.

ఇంకో సంగతి బాపే చెప్పాడు. జింక కళ్లు మెరుస్తాయి, పంది కళ్లు మెరవవు. జింక కంటి వెనకుండే అద్దంలాంటి పొర పందికి లేదట, అది తర్వాత చదివా. అందుకే కళ్ల కోసం కాదు, కదిలే ఆకుల కోసం చూడాలి. గాలి మన వైపు నుంచి వీస్తే ఏ రంగూ పనిచేయదు, వాసన పట్టేస్తాయి.

మూడో రాత్రి నుంచి లెక్క కుదిరింది. ఎర్ర వెలుగులో ఎక్కడున్నాయో చూసుకోవడం, అడవి వైపు దారి వదిలేసి, ఇటు నుంచి ఒక్కసారిగా తెల్ల లైటు, డబ్బా మోత. మంచె మాత్రం దిగేది లేదు, బెదిరిన పంది మనిషి మీదికొస్తుంది.

పంట మొత్తం దక్కిందని చెప్పను. రెండు సాళ్లు పోయాయి. నిద్ర పోయింది. పదో రోజు పొద్దున బాపు దొడ్డిలోకి పోయి తీగ చుట్ట విప్పుతుంటే నా కాళ్లు వణికాయి.

"గట్ల చూస్తవేంరా? మీ అవ్వ దండెం అడుగుతుంది" అన్నాడు.

ఇప్పుడు దాని మీద మా బట్టలు ఆరుతున్నాయి.