నల్లగా ఉన్నదల్లా కడక్‌నాథ్ కాదు

మొన్న మా వీధి పెద్దమ్మ ఒక కోడిపిల్లని బుట్టలో పెట్టుకుని షెడ్డు దగ్గరికొచ్చింది. "ఏరా, నల్లకోడి అని ఇచ్చావు. దీని కాళ్లు చూడు" అంది. చూస్తే తెల్లగా ఉన్నాయి. పొదిగిస్తే లేచిన 12 పిల్లల్లో 3 ఇలాగే ఉన్నాయట.

నేను అబద్ధమాడి అమ్మలేదండీ. పోయినేడు ఆమెకిచ్చిన పుంజు, పెట్టలు నాలుకతో సహా నలుపే. అసలు కడక్‌నాథ్ అనే అనుకున్నాను. తప్పెక్కడో పశువుల డాక్టరు గారు చెప్తే తెలిసింది.

ఈకల నలుపు వేరు, ఒంటి నలుపు వేరు. గుడ్డులో పిల్ల తయారయ్యేటప్పుడు మామూలు కోడిలో రంగు కణాలు ముఖ్యంగా తోలు పైపొరకీ, ఈకలకీ చేరతాయి. కడక్‌నాథ్‌లో 20వ క్రోమోజోములో కొంత ముక్క రెండుసార్లు పడి ఉంటుంది. దాంతో ఈడీఎన్3 అనే జన్యువు మోతాదు మించి పనిచేస్తుంది. రంగు కణాలు విపరీతంగా పెరిగి మాంసం, ఎముకల పైపొర దాకా పాకుతాయి. చైనా సిల్కీ కోడి నలుపుకీ ఇదే కారణం. మేతతో, మందుతో వచ్చేది కాదు. రక్తం ఎరుపే, గుడ్డు లేత గోధుమ రంగే. నల్లగుడ్డు అని ఎవరైనా అమ్మితే నమ్మకండి.

చిక్కెక్కడంటే, ఈ గుణం తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క వైపు నుంచి వచ్చినా పిల్ల నల్లబడుతుంది. కొన్ని సంకరాల్లో రంగు పల్చబడుతుంది, కొన్నిట్లో తేడాయే తెలీదు. ఆ సంకరాల్నే వాటిలో వాటికి కలిపితే లెక్క ప్రకారం నాలుగింట ఒకటి తెల్లతోలుతో లేస్తుంది. 12లో 3!

అప్పుడు గుర్తొచ్చింది. అంతకుముందు ఏడు గాలివానకి నా కంచె పడిపోయింది. పక్కింటి నల్లకాళ్ల నాటుపుంజు నా పెట్టల్ని తొక్కింది. కళ్లారా చూసి కూడా, పిల్లలు నల్లగా లేచాయి కదా అని ఊరుకున్నాను.

ఝాబువా భిల్లులు తరతరాలుగా కాపాడుకున్న కోడి ఇది. 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. దాని పేరు మీద సంకరం అమ్మానంటే, తెలియక చేసినా తప్పే. పెద్దమ్మకి డబ్బు తిరిగిచ్చేశాను. "కోళ్లు మటుకు ఉండనీరా, గుడ్లు బాగానే పెడుతున్నాయి" అంది.

ఇప్పుడు షెడ్డులో రెండు అరలు. సంకరాన్ని సంకరమని చెప్పి, తక్కువ ధరకే ఇస్తున్నా. మీరు కొనేటప్పుడు నాలుక ఒక్కటే చూడకండి. దాని అమ్మానాన్నల్నీ, వీలైతే దాని పిల్లల్నీ చూపించమనండి.