ఆటా, చదువూ

“ఆటలో పడ్డ పిల్లలకు చదువు అబ్బదు” అని మా నాయనగారు అనేవారు. ఆ మాటనే మేమూ మా పెద్దపిల్లకు అప్పగించాము. అది పదవ తరగతి చదువుతున్నది. సాయంకాలం రాకెట్టు చంకన పెట్టుకొని బయలుదేరినప్పుడల్లా మేమూ, మా ఆవిడా ఒకరి ముఖం ఒకరం చూచుకొంటాము.

మొన్న ఆదివారం అది మా ఎదుట కూర్చుండి, “నాయనా, టెన్నిసు బాగా ఆడేవాళ్లకు అమెరికా కాలేజీలలో జీతం కట్టనక్కర లేదట, నిజమేనా?” అని అడిగింది. తెలియదనడానికి మనసొప్పలేదు. వారం రోజులు ఆఫీసు విరామంలో చదివి తెలుసుకొన్నాము.

నిజమే గాని, అందరికీ కాదు. అగ్రశ్రేణి విశ్వవిద్యాలయాలలో 2024-25 వరకు పురుషుల జట్టుకంతకూ నాలుగున్నర విద్యార్థి వేతనాలే. స్త్రీల జట్టుకు 8. పైగా, చదువులో వెనుకబడితే జట్టులో ఆడనివ్వరు. ఇది చదివి మేము కొంత తృప్తి పడ్డామని దాచనక్కర లేదు.

ఆ తరువాత ఆర్థర్ ఆష్ కథ చదివాము. ఇతడు 1943లో వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో పుట్టాడు. తండ్రి నల్లవారి ఆటస్థలానికి కాపలాదారు. ఊళ్లో తెల్లవారి కోర్టులలో ఇతనికి ప్రవేశం లేదు. విద్యార్థి వేతనంపై లాస్ ఏంజిల్స్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడి కోచ్ జె.డి. మోర్గన్. ఒక క్లబ్బువారు పోటీకి ఆష్‌ను పిలవకపోతే, మోర్గన్ ఆ సంగతి కప్పిపుచ్చక అతనితోనే చెప్పాడట. 1965లో ఆష్ కళాశాలల సింగిల్సు గెలిచాడు, జట్టూ గెలిచింది. 1966లో వ్యాపార నిర్వహణలో పట్టా పుచ్చుకొన్నాడు. 1968లో అమెరికా ఓపెన్, 1975లో వింబుల్డన్ ఆ తరువాతి మాట.

ఆ వర్జీనియాలోనే, ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం తరపున, మన చెన్నపట్నంలో ఆట నేర్చిన సోమదేవ్ దేవ్‌వర్మన్ ఆడాడు. కోచ్ బ్రయాన్ బోలండ్. 2006లో తుదిపోటీలో ఓడిపోయాడు. 2007, 2008 సంవత్సరాలలో వరుసగా గెలిచాడు. 2008లో 44 ఆటలు గెలిచి ఒక్కటే ఓడాడు. 2010 ఆసియా క్రీడలలో సింగిల్సు స్వర్ణం తెచ్చాడు. అదే విశ్వవిద్యాలయానికి ఆడిన సనమ్ సింగ్‌తో కలిసి డబుల్సు స్వర్ణమూ తెచ్చాడు.

ఇదంతా పిల్లకు చెప్పి, చివర మా నాయనగారి మాట చేర్చబోయాము. గొంతులోనే ఆగిపోయింది. మేము చిన్ననాట ఏ ఆటా ఆడలేదు. బడినుండి తిన్నగా ఇంటికి వచ్చినవారము. అయినా మా చదువు మెట్రిక్యులేషను దగ్గరనే ఆగింది. ఆపినది ఆట కాదు. ఇంట్లో డబ్బు లేకపోవడం. ఇన్నేళ్లూ ఆటను నిందించినామే గాని, ఆ సంగతి ఒక్కనాడైనా తలచుకోలేదు.

అమెరికా మాట దేవుడెరుగు. నాలుగున్నరలో, ఎనిమిదిలో మా పిల్లకు చోటు దొరుకుతుందని మేము లెక్క వేసుకోవడం లేదు. రాత్రి ఎనిమిది మొదలు పది దాకా పుస్తకం ముందు కూర్చోవాలని మాత్రం షరతు పెట్టాము. ఒప్పుకొన్నది. రాకెట్టు తీగ తెగి మూడు వారాలైనదట, భయపడి చెప్పలేదట. మొదటి తారీఖున బిగింపించి ఇస్తామన్నాము.