మాత్ర పడనప్పుడు



మన గ్రామములలో ఒక మాట తరచుగా వినబడుచుండును: "ఆ మందు నాకు పడలేదు, మానివేసితిని." జలుబు మాత్రను గూర్చి ఎవరైనను ఈ మాట అనినయెడల పెద్ద నష్టము లేదు. జలుబు సాధారణముగా దానంతట అదే తగ్గిపోవును. గాని జీవితకాలమంతయు వాడవలసిన మందును గూర్చి ఈ మాట అనుట వేరు సంగతి. థైరాయిడ్ మందు అట్టిది. నేను గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగి, ఇంగ్లండు దేశములో నర్సుగా పనిచేయుచున్నాను. ఆ మాత్ర నాకును పడలేదు. అయినను నేను మందు మానలేదు. మాత్రకు బదులు నీళ్లమందు పుచ్చుకొనుచున్నాను. అది ఎట్లు జరిగెనో, మా చెల్లెలి విషయములో వేరొక విధముగా ఎట్లు జరిగెనో చెప్పినయెడల మీలో కొందరికి ఉపయోగపడునని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కంఠమునకు ముందుభాగమున సీతాకోకచిలుక ఆకారముగల ఒక చిన్న గ్రంథి యున్నది. దానినే థైరాయిడ్ గ్రంథి అందురు. అది థైరాక్సిన్ అను పదార్థమును తయారుచేసి రక్తములోనికి పంపుచుండును. గుండె కొట్టుకొనుట, ఒంటి వేడి, ఆహారము అరుగుట, మనస్సు చురుకుగా ఉండుట, ఇవన్నియు దానిమీద ఆధారపడియున్నవి. ఆ గ్రంథి పని తగ్గినప్పుడు మనుష్యుడు నెమ్మదిగా చల్లబడును. ఎంత నిద్రించినను అలసట తీరదు. ముఖము ఉబ్బును, చర్మము ఎండిపోవును, జుట్టు రాలును, గొంతు బొంగురుపోవును, మలబద్ధకము కలుగును. స్త్రీలకు నెలసరి ఎక్కువగుట కూడ కలదు. పురుషులకంటె స్త్రీలలోనే ఈ రోగము ఎక్కువ. "వయస్సు మీద పడినది," "పని ఎక్కువైనది" అని మన తల్లులు దీనిని సంవత్సరములకొలది భరించుచుందురు.

దీనికి చికిత్స కనుగొనిన చరిత్ర మీరు తెలిసికొనదగినది. 1891లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున జార్జి ముర్రే అను వైద్యుడు గొఱ్ఱెల థైరాయిడ్ గ్రంథులనుండి రసము తీసి, 46 సంవత్సరముల వయస్సుగల ఒక రోగికి సూదిద్వారా ఇచ్చెను. ఆమె తేరుకొనెను. తరువాత అదే మందును నోటిద్వారా పుచ్చుకొనుచు, 1919లో తన 74వ యేట మరణించువరకు బ్రదికెను. ఆమె ఒక్కతె కొరకు ఆ 28 సంవత్సరములలో 870కి పైగా గొఱ్ఱెల గ్రంథులు వాడబడినవి. 1914 డిసెంబరు 25న, అనగా క్రిస్మసు దినముననే, అమెరికాలో ఎడ్వర్డ్ కెండాల్ అను శాస్త్రజ్ఞుడు ఆ గ్రంథినుండి శుద్ధమైన థైరాక్సిన్‌ను స్ఫటికములుగా వేరుచేసెను. 1927లో దానిని గొఱ్ఱెలతో పనిలేకుండ ప్రయోగశాలలోనే తయారుచేయగలిగిరి. నేడు మనము లెవోథైరాక్సిన్ అను పేరుతో వాడునది ఆ పదార్థమే. చూచితిరా, ఈ మందు మొదట వచ్చినది నీళ్లమందుగానే. మాత్ర తరువాత వచ్చినది.

ఇప్పుడు మాత్రను గూర్చి ఒక చిన్న లెక్క చేయుదము. నాకు వైద్యుడు వ్రాసిన మోతాదు దినమునకు 75 మైక్రోగ్రాములు. ఒక గ్రాములో పది లక్షల మైక్రోగ్రాములుండును. కాబట్టి ఒకే ఒక గ్రాము మందు నాకు 36 సంవత్సరములకు పైగా సరిపోవును! ఇంత స్వల్పమైన మందును వ్రేళ్లతో పట్టుకొనలేము. అందుచేత దానిని వేరే పొడులతో కలిపి మాత్రగా అచ్చువేయుదురు. పాలలోనుండు లాక్టోజు అను చక్కెర, పిండిపదార్థము, జిగురు, కొన్ని మాత్రలలో రంగు, ఇవి ఆ పొడులు. నూరు మిల్లీగ్రాముల బరువుగల మాత్రలో అసలు మందు వెయ్యింట ఒక వంతైనను ఉండదు. తక్కినదంతయు దానిని మోయు సామగ్రియే. ఏ కంపెనీవారి మాత్రయైనను మందు ఒక్కటే గాని, సామగ్రి మాత్రము కంపెనీని బట్టి మారును.

నాకు 2011లో ఈ రోగము బయటపడెను. ఎనిమిది సంవత్సరములు మాత్ర వాడుచు సుఖముగానే యుంటిని. 2019లో మందుల దుకాణమువారు వేరొక కంపెనీ మాత్రలు ఇచ్చిరి. కొద్ది వారములకు చేతులమీదను మెడమీదను దద్దుర్లు లేచెను. కడుపు ఉబ్బరము, నీళ్ల విరేచనములు ప్రారంభమాయెను. రాత్రి పనిలో రోగులయొద్ద నిలిచియుండగా రెండు మూడు సారులు బయటికి పరుగెత్తవలసి వచ్చెడిది. మందు మానివేయవలెనను తలంపు నాకును రాకపోలేదు. అయితే ఈ మందు మానినవారు ఆసుపత్రికి ఏ స్థితిలో వచ్చుదురో నేను కన్నులార చూచినదానను. ఒంటి వేడి తగ్గిపోయి, నాడి నెమ్మదించి, పిలిచినను పలుకలేని స్థితిలో వచ్చినవారిని చూచితిని. అట్టివారిలో కొందరు మరల ఇంటికి వెళ్లలేదు.

కావున వైద్యునియొద్దకు వెళ్లి ఉన్నదున్నట్లు చెప్పితిని. ఆయన మొదట టి.ఎస్.హెచ్. అను రక్తపరీక్ష చేయించెను. ఇది ముఖ్యమైన సంగతి. గుండె దడ, చెమట, చేతులవణకు, నిద్రలేమి, విరేచనములు మోతాదు ఎక్కువైనందున కూడ కలుగవచ్చును. అప్పుడు మార్చవలసినది మోతాదే గాని మాత్ర కాదు. నా విషయములో మోతాదు ఎక్కువ కాలేదు. పైగా మందు ఒంటికి సరిగా పట్టుటయే లేదని పరీక్షలో తేలెను. తరువాత ఆయన ఒకే కంపెనీ మాత్రను మార్చకుండ వాడి చూడుమనెను. కొంతకాలమునకు లాక్టోజు లేని మాత్ర ఇచ్చెను. కడుపు కొంత కుదుటపడెను గాని దద్దుర్లు పోలేదు. ఇట్లు రెండు సంవత్సరములు గడిచెను.

2021 మే నెలలో బ్రిటన్ దేశపు మందుల నియంత్రణ సంస్థ వైద్యులకు ఒక సూచన పంపెను. దాని భావమేమనగా, ఒక కంపెనీ మాత్రనుండి మరియొక కంపెనీ మాత్రకు మారినప్పుడు ఎవరికైనను బాధ కలిగినయెడల రక్తపరీక్ష చేయింపవలెను. సరిపడిన మాత్రనే ఎల్లప్పుడు ఇచ్చుట మంచిది. అప్పటికిని బాధ తీరకపోయినను, రోగము అదుపులోనికి రాకపోయినను, నీళ్లమందును ఇచ్చుటకు ఆలోచింపవచ్చును. ఆ సంవత్సరము చివరకు నాకు నీళ్లమందు వ్రాసి యిచ్చిరి.

అది గాజుసీసాలో వచ్చెను. 5 మిల్లీలీటర్లలో 50 మైక్రోగ్రాముల మందున్నది. కాబట్టి నా 75 మైక్రోగ్రాములకు 7.5 మిల్లీలీటర్లు కొలిచి, సూది లేని సిరంజితో నోటిలో వేసికొంటిని. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. అదే మందు 25, 50, 100 మైక్రోగ్రాముల బలముతో వేరువేరు సీసాలలో వచ్చును. సీసా మారినప్పుడు కొలతయు మారును. పాత అలవాటుచొప్పున కొలిచినయెడల మోతాదు రెట్టింపైనను కావచ్చును, సగమైనను కావచ్చును. వంటయింటి చెంచాతో ఎన్నడును కొలువరాదు. మూత తీసిన తరువాత ఎన్ని వారములు వాడవచ్చునో సీసాతో వచ్చిన కాగితమును చూచి, మూత తీసిన తేదీని సీసామీద వ్రాసికొనవలెను.

మూడు వారములకు దద్దుర్లు అణగిపోయెను. కడుపు నెమ్మదించెను. జుట్టు రాలుట మాత్రము వెంటనే ఆగలేదు. దానికి నెలలు పట్టెను. ఎనిమిది వారములకు చేసిన పరీక్షలో మందు మునుపటికంటె బాగుగా ఒంటబట్టుచున్నదని కనబడెను. వైద్యుడు దానిని 70 మైక్రోగ్రాములకు తగ్గించెను. నీళ్లమందులో అది సులభము. 7 మిల్లీలీటర్లు కొలిచిన చాలును. ఈ మందు మాత్రకంటె చాల ఖరీదైనది. ఇంగ్లండులో ఈ రోగమునకు నిత్యము మందు వాడువారు మందుల చీటికి రుసుము చెల్లింపనక్కరలేదు గనుక ఆ భారము నామీద పడలేదు.

అయితే లాక్టోజు చెడ్డది, నీళ్లమందు గొప్పది అని మీరు తలంచవద్దు. ఫ్రాన్సు దేశములో జరిగినది వినుడి. 2017 మార్చి నెలలో అక్కడ సుమారు 30 లక్షలమంది వాడుచుండిన మాత్రలో లాక్టోజును తీసివేసి, మానిటాల్ అను మరియొక పదార్థమును, సిట్రిక్ ఆమ్లమును చేర్చిరి. మందు నిలకడగా ఉండవలెనని మంచి ఉద్దేశముతోనే చేసిరి. గాని వేలకొలది జనులు అలసట, తలనొప్పి, కండరముల నొప్పులు, జుట్టు రాలుట కలుగుచున్నవని మొరపెట్టిరి. ఆ సంవత్సరము అక్టోబరులో పాత విధమైన మాత్రను ఇతర దేశములనుండి తెప్పించి యియ్యవలసి వచ్చెను. నాకు కీడు చేసినదేదో అది మరియొకరికి సరిపడవచ్చును. ఒకరి అనుభవము మరియొకరికి మందుచీటి కాదు.

మా చెల్లెలి సంగతి ఇందుకు సాక్ష్యము. ఆమె తెనాలి ప్రాంతమున ఒక గ్రామములో కాపురమున్నది. 2022లో ఆమెకును ఈ రోగమే కనబడి మాత్రలు ఇచ్చిరి. మరుసటి సంవత్సరము నేను సెలవుమీద వెళ్లినప్పుడు ఆమె ముఖము ఉబ్బి, మాట మందగించి, మండువేసవిలో దుప్పటి కప్పుకొని కూర్చుండియుండెను. "మాత్ర వేసికొనుచున్నావా?" అని అడిగితిని.

"మానివేసి నాలుగు నెలలైనదక్కా. అది వేసికొనిన ప్రతి ఉదయమును కడుపులో నొప్పి, వికారము. నీకు పడలేదు గదా, నాకును పడలేదు. మానిన మొదటి రెండు వారములు హాయిగానే యుంటిని," అనెను.

ప్రియులారా, ఆ "హాయి"యే ప్రమాదము. ఈ మందు రక్తములో సగము తగ్గుటకు సుమారు ఏడు దినములు పట్టును. కాబట్టి మానిన వెంటనే నష్టము తెలియదు. తెలియునప్పటికి చాల దూరము పోయియుందుము. మొదలు పెట్టినప్పుడును అంతే. పూర్తి గుణము కనబడుటకు ఆరు మొదలు ఎనిమిది వారములు ఓర్చుకొనవలెను.

ఆమె వాడిన మందులన్నియు మంచముమీద పోయించి చూచితిని. థైరాయిడ్ మాత్రతోపాటు, రక్తము తక్కువని ఇచ్చిన ఐరన్ మాత్రను కూడ ఆమె పరగడుపున ఒకేసారి మ్రింగుచుండెను. ఖాళీ కడుపున ఐరన్ అనేకులకు నొప్పియు వికారమును కలుగజేయును. అంతేగాక అది థైరాయిడ్ మందును ఒంటబట్టనియ్యదు. కాల్షియం మాత్రలును అట్లే చేయును. తెనాలిలోని వైద్యునియొద్దకు తీసికొనిపోగా ఆయన పరీక్ష చేయించి, థైరాయిడ్ మాత్రను ఉదయము పరగడుపున మంచినీళ్లతో వేసికొని, అరగంట మొదలు గంటవరకు కాఫీ, టీ, పలహారము ముట్టవద్దనియు, ఐరన్ మాత్రను మధ్యాహ్న భోజనము తరువాత పుచ్చుకొమ్మనియు చెప్పెను. రెండింటికి నడుమ కనీసము నాలుగు గంటల ఎడముండవలెను. నొప్పి పోయెను. రెండు నెలలకు ఆమె స్వరము మునుపటివలె ఫోనులో వినబడెను. ఆమెకు నీళ్లమందు అవసరమే లేకపోయెను. మన పల్లెటూరి దుకాణములలో సాధారణముగా దొరకునవి మాత్రలే గనుక అది మంచిదే ఆయెను.

నాకు కీడు చేసినది మందు కాదు, దానితో కలిపినది. ఆమెకు కీడు చేసినది ఆ మాత్రయే కాదు, దాని ప్రక్కన మ్రింగిన మరియొక మాత్ర. ఇద్దరమును మందును నిందించి మానియున్నయెడల ఇద్దరమును నష్టపోయియుందుము. బాధ నిజమే; దానిని ఓర్చుకొని ఊరకుండుట సరికాదు. గాని ఆ బాధ ఎక్కడనుండి వచ్చుచున్నదో తెలిసికొనకుండ మందును విడుచుటయు సరికాదు.

కావున మీకు మాత్ర పడలేదని తోచినయెడల ఇట్లు చేయుడి. మందు మానక త్వరగా వైద్యునియొద్దకు వెళ్లుడి. ఊపిరాడకుండుట, పెదవులు నాలుక వాచుట, గుండెనొప్పి కలిగినయెడల మాత్రము ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను. మీరు వాడు మందులన్నిటిని, బలమునకు వాడు మాత్రలతో సహా, ఒక సంచిలో వేసికొని పోవుడి. మందుల అట్టను గాని సీసాను గాని పారవేయకుడి. కంపెనీ మారినదేమో దానివలననే తెలియును. బాధ ఎప్పుడు మొదలాయెనో, మాత్రతోకూడ ఏమి త్రాగుచున్నారో చెప్పుడి. గర్భిణీ స్త్రీలు ఈ మందును ఒక్క దినమైనను స్వంత ఆలోచనతో మానరాదు. కడుపులోని బిడ్డ మెదడు ఎదుగుదలకు అది అవసరము.

ఈ పత్రిక చదువుట ముగించిన తరువాత, మీ యింటిలోనో పొరుగింటిలోనో థైరాయిడ్ మాత్ర వాడుచున్న తల్లి యెవరైన ఉన్నయెడల, ఆమెయొద్దకు వెళ్లి, "అమ్మా, మాత్ర వేసికొనుచున్నావా?" అని అడుగుడి. "మానివేసితిని" అని ఆమె చెప్పినయెడల గద్దింపకుడి. ఎందుకు మానెనో నెమ్మదిగా విని, ఆమెతోకూడ వైద్యునియొద్దకు వెళ్లుడి.