పేరు లేని క్యాసెట్లు

మా కాలేజీలో నోటీసు బోర్డు చదివే అలవాటు ఇద్దరికే వుంది. ఒకరు నోటీసు అంటించే అటెండరు. రెండోవాణ్ణి నేను. నేనైనా చదివేది విషయం కోసం కాదు, అక్షరదోషాల కోసం. తెలుగు మాస్టరుకి అదొక జబ్బు.

రెండేళ్ళ క్రితం జూలైలో ఒక నోటీసు కనబడింది. 'పరిశోధనా దత్తాంశ నిర్వహణ సేవలు - అవగాహన సదస్సు. అందరూ ఆహ్వానితులే.' కింద కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ గారి సంతకం. అక్షరదోషం ఒక్కటీ లేదు. అర్థం కూడా వున్నట్టు తోచలేదు.

అయినా వెళ్ళాను. నిజం చెప్పొద్దూ, ఆ గంట నాకు క్లాసు లేదు. లైబ్రరీ హాల్లో ఫ్యాన్లు బాగా తిరుగుతాయి. తీరా చూస్తే మొత్తం అయిదుగురం: లైబ్రేరియన్ గారు, నేను, దారి తప్పి వచ్చిన ఇద్దరు బీకాం కుర్రాళ్ళు, టీ తెచ్చిన అటెండరు. పాపం, ఆవిడ ముప్ఫై మందికి బిస్కట్లు తెప్పించారు. తెర మీద బొమ్మలు చూపిస్తూ గంటసేపు చెప్పారు. నేను నాలుగు బిస్కట్లు తిని, "చాలా బావుందమ్మా" అని వచ్చేశాను.

ఇంకొకరయితే "వీళ్ళింతే" అని ఊరుకుందురు. ఆవిడ ఊరుకోలేదు. మర్నాటి నుంచీ ఒక నోటు పుస్తకం పట్టుకుని డిపార్టుమెంట్ల వెంట తిరగడం మొదలుపెట్టారు. 'దత్తాంశం' అన్న మాట ఆవిడ నోట మళ్ళీ వినలేదు. ఎవరి గదికి వెళితే వాళ్ళ మాటే మాట్లాడేవారు. కెమిస్ట్రీ వాళ్ళని, "రీడింగులు రాసుకునే రిజిస్టరు ఎక్కడ పెడతారండీ?" అని అడిగారు. బోటనీ వాళ్ళని, "ఎండబెట్టి అంటించిన ఈ కొమ్మ ఏ ఊళ్ళో, ఏ తారీకున కోశారో షీటు మీద రాశారా?" అన్నారు. కామర్సు వాళ్ళని, "సర్వే ఫారాలు నింపించారు గదా, లెక్కలు తేలాక ఆ ఫారాలు ఏమయ్యాయి?" అన్నారు. చివరికి అందరికీ ఒకటే ప్రశ్న: "రేపు పొద్దున అవి కనబడకపోతే ఏం చేస్తారు?"

ఆ ప్రశ్నకి ఎవరూ నవ్వలేదట. పెన్ డ్రైవు ఒకటి పోగొట్టుకుని రెండేళ్ళ పని మళ్ళీ మొదటి నుంచీ చేసుకున్న మిత్రుడొకాయన, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పని ఆ సంగతి ఆవిడకి తలుపు జేరవేసి మరీ చెప్పుకున్నాడట.

ఆలోచిస్తే ఇది మనకి కొత్త సంగతేమీ కాదు. లెక్కల మాస్టరుగా వుండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి లైబ్రేరియన్ అయిన రంగనాథన్ గారు, ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు వున్నాడన్నది గ్రంథాలయ సూత్రాల్లో ఒకటిగా 1931లో అచ్చువేశారు. పాతూరి నాగభూషణం గారు 1935లో పుస్తకాలని పడవకెక్కించి కృష్ణా కాలువ వెంట ఊళ్ళకి పంపించారు. రేవులో పడవ ఆగితే పొలం నుంచి వచ్చినవాడు పుస్తకం పుచ్చుకునేవాడు. లైబ్రరీ వున్నచోటికి మనిషి రాకపోతే మనిషి వున్నచోటికే లైబ్రరీ వెళ్ళాలన్నమాట. మా లైబ్రేరియన్ గారికి కాలువ లేదు, వరండా వుంది. అంతే తేడా.

ఆ పడవ ఒకనాడు మా తెలుగు రేవుకీ వచ్చింది.

"మాది సాహిత్యమమ్మా! పద్యాలూ పాటలూ తప్ప మాకు డేటా ఎక్కడిది?" అన్నాను ధీమాగా.

"పాటలా? ఏం పాటలండీ మాస్టారూ?"

చెప్పక తప్పింది కాదు. 2004లో, ఎమ్మే అయిన కొత్తలో, పరిశోధన చేద్దామని టేపు రికార్డరు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. విసుర్రాయి పాటలు, రోకటి పాటలు, ఊడ్పు పాటలు, జోల పాటలు - మొత్తం ఇరవై మూడు క్యాసెట్లు. తరవాత ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, పరిశోధన అటకెక్కింది. ఇది అలంకారం కాదు. నిజంగా అటక మీదే వుంది.

"పదిలంగా వున్నాయాండీ?"

"ట్రంకు పెట్టెలో తాళం వేసి వుంటే పదిలం కాకేం?"

"ఒక్కసారి దింపి చూడండి మాస్టారూ," అని ఆవిడ నోటు పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

ఆదివారం నిచ్చెన వేశాను. "ఇరవై ఏళ్ళకి పాటలు గుర్తొచ్చాయా!" అంది మా ఆవిడ, నిచ్చెన పట్టుకుని. పెట్టె తెరిస్తే ఆరు క్యాసెట్లలో టేపంతా తెల్లగా బూజు పట్టి అతుక్కుపోయింది. పాటలన్నీ అప్పట్లో డీటీపీ చేయించి సీడీలో దాచాను గదా అని ధైర్యం తెచ్చుకున్నాను. మా అబ్బాయి ఆ సీడీని కంప్యూటరులో పెట్టి, "నాన్నా, ఇది ఏ భాష?" అన్నాడు. తెర నిండా పిచ్చి గీతలు! ఆ రోజుల ఫాంటు ఆ ఫాంటు వున్న కంప్యూటరులోనే తెలుగవుతుంది, లేనిచోట కాదు. అదే యూనికోడులో కొట్టించి వుంటే ఈనాటి ఏ కంప్యూటరులోనైనా శుభ్రంగా తెలుగులాగే కనబడేది.

అసలు దెబ్బ ఇంకొకటి. బాగున్న క్యాసెట్ల మీద నా దస్తూరీతో ఏం రాసి వుందనుకున్నారు? '4', '9', 'జోల - చాలా బాగుంది', 'ముసలమ్మ'. ఏ ముసలమ్మ? ఏ ఊరు? రాసినవాణ్ణి నేనే, నాకే తెలియదు!

తాళపత్రాల సంగతి నేను ఏటా క్లాసులో చెప్తాను. ఆకు చివర లేఖకుడు సంవత్సరం, మాసం, తిథి రాసి, తన పేరు రాసుకునేవాడనీ, ఆ రెండు ముక్కలే వందల ఏళ్ళ తరవాత పరిష్కర్తకి దారి చూపిస్తాయనీ చెప్పి, పిల్లలచేత నోట్సు రాయించుకుంటాను. దీపం వెలుగులో గంటంతో గీసినవాడికి వున్న బుద్ధి, బాల్ పెన్ను చేతిలో వున్న నాకు లేకపోయింది.

సోమవారం పెట్టె తీసుకుని తలవంచుకుని లైబ్రరీకి వెళ్ళాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. మిగిలిన పదిహేడు క్యాసెట్లూ పట్నంలో కంప్యూటరు ఫైళ్ళుగా మార్పించారు. ప్రతి ఫైలు పేరులోనూ సంవత్సరం, ఊరు, వరస నెంబరు పెట్టించారు. ఒక ప్రతి కాలేజీ కంప్యూటరులో, ఒకటి విడిగా హార్డ్ డిస్కులో, మూడోది ఊరికి దూరంగా ఇంటర్నెట్టులో. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట - ఇదీ ఆవిడ లెక్క. తరవాత ఒక పట్టిక గీసి నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు: పాడినవారు, ఊరు, తారీకు, వారి అనుమతి వున్నదా లేదా.

"ఇది తెలియదమ్మా," అన్నాను మూడోసారి సిగ్గుపడుతూ.

"'తెలియదు' అని రాయండి మాస్టారూ, ఖాళీ వదలకండి. ఖాళీ వుంటే ఎవరో మరిచిపోయారనుకుంటారు. తెలియదని వుంటే వెతుకుతారు."

ఆ వారమే డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో, తాళపత్రాల పాఠంతో పాటు నా క్యాసెట్ల కథ కూడా చెప్పాను. గంట కొట్టాక ఒక అమ్మాయి ఆగిపోయింది. "మాది ఆ ఊరేనండీ. మా నాయనమ్మ పాడేదిట. ఎవరో మాస్టారు వచ్చి టేపులో పట్టుకెళ్ళారని చెప్పేది. ఆవిడ పోయి పన్నెండేళ్ళయిందండీ. ఇంట్లో ఫొటో కూడా సరయినది లేదు," అంది.

ఆ ఊరివి మూడు క్యాసెట్లు. అందులో ఎవరి గొంతు ఎవరిదో నేను చెప్పలేను. మూడూ ఆ అమ్మాయి ఫోనులోకి ఎక్కించి, "మీ నాన్నకి వినిపించమ్మా," అన్నాను.

తరవాతి సోమవారం తండ్రే వచ్చాడు, భుజాన తువ్వాలుతో. లైబ్రరీలో కూర్చోబెట్టాం.

"పాటలో పోల్చుకోలేకపోయానండీ, నలుగురూ కలిసి పాడారు గదా. కానీ మధ్యలో ఒకచోట, 'ఒరే, దూడ తాడు తెంపుకుంది చూడరా' అని కేక వుందండీ. అది మా అమ్మండీ. ఆ కేక నన్నేనండీ," అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

నాకప్పుడు గుర్తొచ్చింది. మంచి పాట మధ్యలో దూడ అడ్డొచ్చిందని ఆనాడు విసుక్కున్నాను. కాగితం మీద పాట ఎత్తి రాసినప్పుడు ఆ కేక తీసేశాను. క్యాసెట్టు పారేసి కాగితం ఒక్కటే దాచివుంటే, ఆ తల్లి ఆ కొడుక్కి మళ్ళీ వినబడేది కాదు.

ఆయన ఇంకో గంట కూర్చుని తక్కిన గొంతులు పోల్చాడు. ఏడు పేర్లు చెప్పాడు. పట్టికలో 'తెలియదు' కొట్టేసి ఏడు పేర్లు రాసుకున్నాం. "ఇవి ఊరందరూ వినేటట్టు పెడతారాండీ?" అని అడిగాడు. "మీరు సరేనంటేనే," అన్నారు లైబ్రేరియన్ గారు. ఆయన కాసేపు ఆలోచించి, "పాట అందరూ విననివ్వండి. కేక మాత్రం మా ఇంటికి వుంచండి," అన్నాడు. ఆవిడ ఆ మాట ఉన్నదున్నట్టు పట్టికలో రాశారు. ఈనాటికీ ఆ ఫైలు రెండు రకాలుగా వుంది: పాట అందరికీ, కేకతో వున్న అసలు ప్రతి ఆ ఇంటికి.

ఆ తరవాత ఆవిడ సదస్సులు పెట్టడం మానేసి నన్ను పెడుతున్నారు. పరిశోధనలో చేరిన వాళ్ళకి మొదటి నెలలోనే ఒక గంట అడిగి పుచ్చుకుని, అందులో నా కథ చెప్పిస్తారు. ఇదివరకు వాళ్ళు లైబ్రరీ మొహం చూసేది చివర్లో, సిద్ధాంత గ్రంథంలో కాపీ ఎంత వుందో తేల్చుకోవడానికి. "అప్పుడు చెప్పడం పెళ్ళయ్యాక ముహూర్తం చూడడమే మాస్టారూ," అంటారావిడ. నిజమే. 2009 నాటి యూజీసీ నిబంధనల తరవాత సిద్ధాంత గ్రంథాలు శోధగంగలో చేరుతున్నాయి, ఎవరైనా చదువుకోవచ్చు. కానీ ఆ గ్రంథం వెనకాల వున్న ఫారాలు, రీడింగులు, గొంతులు ఏ అటక మీద వున్నాయో అడిగే దిక్కేదీ? ఎవరో ఒకరు గదికి వచ్చి అడగాలి. పోయిన నెల నా గంటకి ముప్ఫై నలుగురు వచ్చారు. బిస్కట్లు చాలలేదు.

పదిహేడు క్యాసెట్లలో నాలుగింటికి ఇంకా 'తెలియదు' అనే వుంది. సెలవుల్లో ఆ ఊళ్ళు మళ్ళీ తిరుగుతున్నాను. పోల్చగలిగిన వాళ్ళు ఏటా తగ్గిపోతున్నారు. బూజు పట్టిన ఆరింటి మాట ఇక ఎత్తను.

మొన్న అటక కేసి చూస్తే, ఖాళీ అయిన ట్రంకు పెట్టెలో మా ఆవిడ దుప్పట్లు సర్దింది. మూత మీద ఒక కాగితం అంటించి వుంది: దుప్పట్లు అయిదు, అమ్మ పట్టుచీర ఒకటి, సర్దిన తారీకు, కింద తన పేరు.

లైబ్రేరియన్ గారు మా ఇంటికి ఒక్కసారి కూడా రాలేదు సుమండీ!